దించే చోటు

బస్తా భుజాన వేసుకునే ముందే దించే చోటు చూసుకోవాలంటాడు మా నాన్న. అమెరికాలో ఎల్క్ దుప్పుల వేట గురించి చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

రాకీ పర్వతాల అడవుల్లోకి ఒంటరిగా వేటకు పోయేవాళ్ళున్నారు. మగ ఎల్క్ సుమారు 300 కిలోలు తూగుతుంది. ఎముకలు తీసేసినా మాంసం 100 కిలోల దాకా మిగులుతుంది. ఒక్కడు మోయగలడా? 1964 నాటి వన్యప్రాంత చట్టం కింద రక్షించిన చోట్లకు జీపే కాదు, సైకిలూ పోకూడదు. ఇక మిగిలింది మనిషి వీపు, లేదా గుర్రం వీపు.

అందుకే ఐడహో వంటి రాష్ట్రాల్లో లైసెన్సున్న గుర్రాలవాళ్ళతో ముందే బేరం కుదుర్చుకుంటారు. ఒక్కో గుర్రానికి సుమారు 70 కిలోలు. రెండువైపులా కావడిలా సమంగా తూచి కట్టాలి. లేకుంటే జీను ఒరిగి వీపు పుండవుతుంది. ఎద్దు మెడ కందితే బండి కట్టనివ్వని ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ సంగతి నాకు వేరే చెప్పనక్కర్లేదు.

తుపాకీ పేల్చడం ఒక్క క్షణం. వెంటనే తోలు ఒలిచి చల్లార్చకపోతే ఒంటి వేడికే మాంసం పాడవుతుంది. గుర్రాలు వేళకు రాకపోతే ఒక ప్రాణం వృథా. నేను వేటగాణ్ణి కాను, కాబోను. అయినా, మోసేవాడి కూలి ముందుగా లెక్కవేయని పని ఏదైనా సగం పనే! కోతకు ముందు బండి మాట్లాడుకోని రైతుని అడగండి, చెబుతాడు.