బైటర్ మీద మనుమరాలు

ఓడ అన్న మాట వినగానే మా యానాం వారికి మొదట జ్ఞాపకం వచ్చేది కోరంగి. 1839 నవంబరు తుపానులో పాడుపడిన ఆ రేవు మా ఊరికి ఎంతో దూరం లేదు. అక్కడ ఓడలు కట్టేవారు. అక్కడినుండే బర్మాకు ఓడలెక్కేవారు. ఎందరు ఎక్కినారో గాని, రంగూనులో తెలుగువాడు ఏ ఊరివాడైనా కోరంగీ అనే పిలిపించుకొన్నాడు. అట్లా పోయి తిరిగి రాని మనిషి లేని ఇల్లు మా వీధిలో అరుదు. మా తాతగారి తమ్ముడొకరు ఆ పోయినవారిలోనివారే. ఆయన పంపిన కడపటి మనియార్డరు కాగితం మా నాయనమ్మ పెట్టెలో మడిచి దాచి ఉండగా మేము చిన్నతనంలో చూచినాము.

అందుచేత, మాంచెస్టరులో పుట్టి పెరిగిన మా చెల్లెలి మనుమరాలు అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతూ 2014లో నౌకాదళం వారి విద్యార్థి శాఖలో చేరినదని తెలిసినప్పుడు ఇంట్లో పుట్టిన కలవరం మాకు వింతగా తోచలేదు. "అన్నయ్యా, దానిది యంత్రాల చదువు గదా, సముద్రంతో దానికేం పని? నీ మాటైతే వింటుంది, వద్దని ఒక ముక్క రాయి" అని చెల్లెలు పట్టుపట్టినది. రాయడానికి ముందు అసలు సంగతి తెలుసుకొనడం న్యాయమని మేము విచారణకు దిగినాము.

బ్రిటనులో ఇటువంటి విశ్వవిద్యాలయ శాఖలు 1967లో అబర్డీనులో మొదలైనవి. చేరిన విద్యార్థి వారానికొక సాయంకాలం పాఠాలకు పోవాలి. కొన్ని వారాంతాలు, ఈస్టరు సెలవులలోను వేసవిలోను కొన్ని దినాలు సముద్రం మీద గడపవచ్చును. చదువు ముగిసిన పిమ్మట నౌకాదళంలో చేరితీరాలనే నిర్బంధం లేదు. ఈ చివరి మాటను చెల్లెలికి రెండుసార్లు చదివి వినిపించవలసి వచ్చినది.

ఆ రోజులలో ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క చిన్న గస్తీ నౌక ఉండేది. మాంచెస్టరు వారిది బైటర్. నౌక అనగానే పాఠకులు పెద్ద ఊహ చేయనక్కరలేదు. పొడవు 21 మీటర్లకు కొంచెం తక్కువ. బరువు 54 టన్నులు. ఒడలు ఇనుముది కాదు, గాజునార కలిపిన ప్లాస్టిక్కు. రెండు డీజిలు యంత్రాలు గంటకు సుమారు 20 నాటు మైళ్ళు పరుగెత్తిస్తాయి. ఈ తరగతికంతటికీ ఆర్చర్ తరగతి అని పేరు. ఆర్చర్ అనగా విలుకాడు. తక్కినవాటి పేర్లు వింటే నవ్వు వచ్చినది: కరిచేది, గుద్దేది, మొత్తేది, తరిమేది! సాధారణంగా ఫిరంగియైనా లేని పడవలకు ఎంత భీకరమైన నామకరణం! అయితే ఆ పేర్లలో చాలావరకు రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలను మోసిన ఓడలనుండి సంక్రమించినవి. వాటిలో డాషర్ అనేది 1943 మార్చిలో స్కాట్లండు తీరాన, క్లైడు అఖాతంలో, పేలి మునిగి 379 మందిని పొట్టన పెట్టుకొన్నది. ఈ ముక్క మాత్రం చెల్లెలిదాకా పోనీయలేదు.

మరుసటి వేసవిలో మాంచెస్టరు వెళ్ళినప్పుడు మనుమరాలు మమ్ములను లివర్పూలు రేవుకు తీసుకొని పోయినది. గట్టు మీద నిలిచి బైటరును చూచినాము. మా గౌతమి పంటు కంటె ఏమంత గొప్పగా లేదు. జీతపు నావికులు అయిదుగురు, విద్యార్థులు పది పన్నెండుమంది అందులో ఇరుక్కొని పడుకోవాలి. వంట, పాత్రలు కడుగుట, నేల తుడుచుట అన్నీ వారి వంతే. మొదటి ప్రయాణంలో ఐరిషు సముద్రం ఆ పిల్లచేత తిన్నదంతా కక్కించినదట.

"రాత్రి రెండు గంటలకు చుక్కాని నా చేతికిచ్చారు, తాతయ్యా. ఎదుట పచ్చదీపం కనబడితే అది ఆ ఓడ కుడిపక్క, ఎర్రదీపమైతే ఎడమపక్క. రెండూ ఒక్కసారే కనబడితే మన మీదికే వస్తోందన్నమాట. అప్పుడు ఇద్దరమూ కుడికి తిరగాలి" అన్నది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చేతులు లేని చుక్కానిని తిప్పుతూనే ఉన్నవి.

మన దేశంలో ఎన్.సి.సి. నౌకావిభాగపు పిల్లలు వేలరు పడవలను తెడ్లతోను తెరచాపతోను నడుపుతారు. అది ఒంటికి గొప్ప సాధన. కాని ఇరవై ఏండ్ల పిల్ల చేతికి నిద్రపోతున్న పదిహేనుమంది ప్రాణాలను, వెనుక ఒక అధికారి ఉన్నప్పటికీ, అరగంటసేపు అప్పగించడం వేరొక చదువు. నౌకాదళం వారు ఇదంతా ధర్మార్థం చేస్తున్నారని మేము అనుకొనలేదు. చేరినవారు చేరగా, చేరనివారు రేపు కచేరీలలోను కర్మాగారాలలోను కూర్చొని తమ పక్షాన ఒక మంచి మాట చెప్పాలన్నదే వారి లెక్క. అది వారి లాభం. పిల్ల లాభం పిల్లకు ఉన్నది. చెల్లెలికి అట్లే రాసినాము. వద్దని పిల్లకు రాయలేదు. దానికి చెల్లెలు రెండు నెలలు మాతో సరిగా మాటాడలేదు.

ఇప్పుడు ఆ నౌకలు తీరప్రాంత దళం క్రింద ఒక్కచోట చేరినవి; 2020లో ఆ దళానికి ఆ పేరు వచ్చినది. బాల్టికు సముద్రందాకా పోయి వస్తున్నవి. విద్యార్థులను ఇంకా ఎక్కించుకొంటున్నారు గాని, మా నౌక అని ఒక శాఖవారు చెప్పుకొనే వరుస పోయినది. మా మనుమరాలికి ఇది కష్టంగానే ఉన్నది.

ఆమె నౌకాదళంలో చేరలేదు. సముద్రంలో గాలిమరలు నిలబెట్టే పనిలో కుదిరి, నెలకు కొన్ని దినాలు పడవ మీదనే ఉంటున్నది. చెల్లెలు ఫోనులో మొదట అడిగేది అక్కడి గాలి సంగతే.