తండ్రికి సెలవెందుకు?

"బిడ్డను కనునది తల్లి, పాలిచ్చునది తల్లి. మరి తండ్రికి సెలవెందుకు?" ఈ ప్రశ్నను నేను రైలులో విన్నాను, బడిలో విన్నాను, బంధువుల ఇండ్లలోను విన్నాను. అడిగినవారు ఎగతాళికి అడుగలేదు. మన పెద్దల కాలములో తండ్రి పురిటిగది గడప దాటువాడు కాడు. కొన్నాళ్లకు బిడ్డను తెచ్చి చూపినప్పుడు చూచి, సంతోషించి, తన పనిమీద పోవువాడు. ఆ మర్యాదలో పెరిగినవారికి ఈ సెలవు వింతగా కనబడుట సహజమే. ప్రశ్న న్యాయమైనది గనుక దానికి న్యాయమైన జవాబు కావలెను. నేను గుంటూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పువాడను. 2024వ సంవత్సరము ఆగస్టులో మాకు మొదటి బిడ్డ పుట్టినది. ఆ సెలవు దినములలోను, తిరిగి పనిలో చేరిన తరువాతను నేను చూచినది వ్రాసెదను. తీర్పు చదువరులే చెప్పవచ్చును.

మొదట ఆ సెలవు ఎంతో చెప్పుదును. ఐదవ వేతన సంఘపు సిఫార్సులను అనుసరించి 1997లో కేంద్ర ప్రభుత్వము తన పురుషోద్యోగులకు 15 దినముల పితృత్వ సెలవును ఏర్పరచినది. మన రాష్ట్రోద్యోగులకును 15 దినములని 2005లో ఉత్తరువు వచ్చినది. జీవించియున్న బిడ్డలు ఇద్దరికంటె తక్కువగా నున్నవారికే అది చెల్లును. దానిని కాన్పయిన ఆరు నెలల లోపల వాడుకొనవలెను. జీతము పోదు. ఇక తల్లుల సంగతి చూచిన యెడల, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల సెలవు చేసిరి. ఆ చట్టములో తండ్రి మాట లేదు. అదే సంవత్సరము రాజీవ్ సాతవ్ అను పార్లమెంటు సభ్యుడు తండ్రులందరికిని సెలవు కోరుచు లోకసభలో ఒక బిల్లు పెట్టెను గాని, అది చట్టము కాలేదు.

మా అమ్మాయి సెప్టెంబరులో పుట్టవలసినది. మన వాడుక ప్రకారము నా భార్య తొలికాన్పుకు తెనాలి దగ్గరి పల్లెలోనున్న పుట్టింటికి ముందుగానే వెళ్లియుండెను. ఆగస్టు 11వ తేదీని, 35 వారములకే, నొప్పులు వచ్చి గుంటూరులో కాన్పయినది. బిడ్డ బరువు 1,850 గ్రాములు. 2,500 గ్రాములకు తక్కువైన బిడ్డను తక్కువ బరువు బిడ్డ అందురు. పసికందును నవజాత శిశువుల వార్డులో వెచ్చని దీపము క్రింద ఉంచిరి. లోపలికి తల్లిని మాత్రమే పోనిచ్చిరి.

అప్పుడు నాకు వచ్చిన చిక్కు ఇది. ఉన్నది 15 దినములు. వాటిని ఎప్పుడు మొదలుపెట్టవలెను? మా బడి గుమాస్తాగారు పెద్దవారు, మాట పొదుపరి. ఆయన, "మాస్టారూ, ఇది మొదలుపెట్టేదాకా మీ చేతిలో ఉంటుంది. మొదలుపెట్టాక మీ చేతిలో ఉండదు. ఆలోచించుకొని కాగితం ఇవ్వండి" అనిరి. వార్డు బయట బల్లమీద కూర్చుండి 15 దినములు గడుపుట సులభమే. చూచువారు దానినే ప్రేమయందురు. గాని బిడ్డ ఇంటికి వచ్చిన దినముననే నర్సులు ఉండరు, దీపము ఉండదు, తల్లి ఒక్కతె యుండును. అందుచేత రెండు వారములు పగలు బడికి పోయి, సాయంకాలము కారియరు పట్టుకొని గుంటూరు వెళ్లుచు, ఆ సెలవును దాచి యుంచితిని. ఆగస్టు 25వ తేదీని బిడ్డను ఇంటికి పంపిరి. మరునాటి నుండి నా సెలవు మొదలైనది. అప్పటికి బిడ్డ 1,880 గ్రాములుండెను.

ఇంటికి పంపుటకు ముందు ఒక నర్సమ్మ మా ఇద్దరిని కూర్చుండబెట్టి కంగారూ సంరక్షణ నేర్పెను. తక్కువ బరువు బిడ్డకు చర్మము క్రింద కొవ్వు పలుచన గనుక ఒంటి వేడి త్వరగా పోవును. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటా మాత్రము తొడిగి, పెద్దవారి వట్టి రొమ్ము మీద నిలువుగా ఆనించి, తల ఒక ప్రక్కకు త్రిప్పి, ముక్కునకు గాలి ఆడునట్లు చూచి, పైన గుడ్డతో కట్టవలెను. ఒకసారి కట్టిన తరువాత గంటకు తక్కువ కాకుండ ఉంచవలెను. కొలంబియా దేశపు బొగోటా నగరములో వెచ్చని పెట్టెలు చాలనందున, 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు ఈ పద్ధతిని మొదలుపెట్టెను. లేమిలో పుట్టిన ఈ ఉపాయమును, ఇట్టి బిడ్డలకు దినమునకు 8 నుండి 24 గంటల వరకు చేయవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థయే సిఫార్సు చేసినది. "తల్లి ఒక్కతే అన్ని గంటలు కూర్చోలేదు బాబూ. నీ రొమ్మూ వెచ్చనే" అని నర్సమ్మ నాతో అనెను.

తండ్రికి సెలవెందుకను ప్రశ్నకు సగము జవాబు ఆ మాటలో నున్నది. పాలు తల్లివే. గాని వెచ్చదనము ఇద్దరిది.

అత్తవారింట అల్లుడు అతిథి. కుర్చీ వేసి, కాఫీ యిచ్చి, పత్రిక చేతికిత్తురు. అట్టి ఇంట అల్లుడు చొక్కా విప్పి, రొమ్మున బిడ్డను కట్టుకొని వసారాలో కూర్చుండుట ఆ వీధికి క్రొత్త. రెండవనాడే ప్రక్కింటి పెద్దమ్మగారు వచ్చి, గుమ్మములోనే ఆగి, "అయ్యో వదినా, అల్లుడుగారికి పిల్లను కట్టేశారేమిటి?" అనిరి. మా అత్తగారికి మొదట సిగ్గు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, క్రింద కూర్చుండి లేవలేరు. నాలుగు దినములు గడిచిన పిమ్మట ఆమెయే వచ్చినవారితో, "మా అమ్మాయి రాత్రి నాలుగు గంటలు ఒక్క నిద్ర పోయింది వదినా. అదే పదివేలు" అని చెప్పసాగిరి. బిడ్డకు రొమ్ము పట్టుటకు ఇంకను సత్తువ చాలదు. తల్లి పాలు పిండి యుంచగా, రెండు గంటలకొకసారి ఉగ్గుగిన్నెతో 25 మిల్లీలీటర్లు పట్టవలెను. ఉగ్గుగిన్నె మా అత్తగారి తల్లిగారిదట. ఆమె దానిని కాచి, తుడిచి, నా చేతికిచ్చి, ముక్కును పెదవి ప్రక్కకు ఆనించి ఎట్లు వంచవలెనో చూపిరి. అల్లుడు అత్తగారివద్ద ఈ విద్య నేర్చుకొనుట మా రెండు కుటుంబములలో ఇదే మొదలు.

ఆశా కార్యకర్త 21వ నాడును 28వ నాడును ఇంటికి వచ్చి బిడ్డను తూచి, ఒంటి వేడి చూచెను. "బిడ్డ వేడి తెలియాలంటే నుదురు కాదు, అరికాళ్లు ముట్టండి. చలి మొదట అరికాళ్లకే తెలుస్తుంది" అని ఆమె చెప్పెను. ఆ మాట ముందుగా నర్సమ్మయు చెప్పి యుండెను.

ఆగస్టు 31వ తేదీ వానను కృష్ణా గుంటూరు ప్రాంతములవారు మరువలేరు. బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు నీట మునిగినవి ఆ వానకే. మా పల్లెలో సాయంకాలము నుండి కరెంటు లేదు, బాటమీద నీరు పారుచుండెను. తెల్లవారుజామున రెండు గంటలకు నా వంతు వచ్చినది. బిడ్డను ఎత్తుకొనగానే అరికాళ్లు చల్లగా తగిలినవి. ఉగ్గుగిన్నె పెదవికి ఆనించినను చప్పరించలేదు. నా భార్య లేచి దీపము పట్టుకొనెను. ఆమె ముఖము నేనెన్నడును అట్లు చూడలేదు. తడి లంగోటా మార్చి, బిడ్డను రొమ్మున కట్టుకొని, పైన రెండు దుప్పట్లు కప్పుకొంటిని. వార్డుకు ఫోను చేయగా, దేవుని దయవలన లైను దొరికినది. "ఉన్నచోటనే రొమ్ముమీద ఉంచండి. గంటలో కాళ్లు వెచ్చపడి పాలు తాగితే భయం లేదు, తెల్లవారాక తీసుకురండి. లేకుంటే ఎట్లాగైనా బయలుదేరండి" అని డాక్టరుగారు చెప్పిరి.

ఆ గంట నేను గోడ గడియారమును చూచుచు కూర్చుంటిని. నా భార్య నా ప్రక్కనే నిలుచుండి, పది నిమిషములకొకసారి దుప్పటి క్రింద చేయి పెట్టి అరికాళ్లు ముట్టుచుండెను. మా అత్తగారు తలుపువద్ద కూర్చుండి తనలో తాను ప్రార్థించుకొనుచుండిరి. మూడు కావచ్చుచుండగా కాళ్లు గోరువెచ్చనైనవి. మరికొంతసేపటికి బిడ్డ పెదవులు కదిపెను. 10 మిల్లీలీటర్లు, తరువాత 15, త్రాగెను. మరునాటి మధ్యాహ్నము నీరు తీసిన తరువాత గుంటూరు తీసికొని పోతిమి. డాక్టరుగారు పరీక్షించి, బిడ్డ బాగున్నదనిరి.

ఆ రాత్రి నేను లేకున్నను బిడ్డ బ్రతికి యుండవచ్చును. ఆ మాట నేను కాదనను. గాని రెండు వారములుగా నిద్రలేని ఒక తల్లి, మోకాళ్లు వంగని ఒక అమ్మమ్మ, కరెంటు లేని చీకటిలో ఆ గంటను మోయవలసి యుండెడిది. ఆ బరువు ముగ్గురి మధ్య పంచబడినది. సెలవు చేసిన పని అంతే. అంతే గాని, అది చిన్నది కాదు.

సెప్టెంబరు 10వ తేదీని తిరిగి బడికి పోయితిని. బిడ్డ అప్పటికి 2,260 గ్రాములు. ఇంకను కంగారూ సంరక్షణ అవసరమే. 16వ నాడు ఏమగునను దిగులు సెలవు మొదలైన నాటినుండియే నాకుండెను. అందుచేత మేము ఒక నోటుపుస్తకములో పాలు, బరువు, నిద్ర, ఎవరి వంతు ఎప్పుడు అను సంగతులు వ్రాయుచుంటిమి. నేను బడికి పోయినప్పుడు చెడినది పగటి వంతు ఒక్కటే. దానిని అత్తగారు కుర్చీలో కూర్చుండి తీసికొనిరి. సాయంకాలము ఆరు నుండి పది వరకు, తెల్లవారుజామున మూడు నుండి ఆరు వరకు నావి. అక్కడనుండి బడి 16 కిలోమీటర్లు. నిద్ర చాలని దినములలో మోటారుసైకిలు మాని బస్సెక్కితిని.

బడిలో తోటి ఉపాధ్యాయులు, "ఏం మాస్టారూ, హాయిగా విశ్రాంతి దొరికిందా?" అని నవ్విరి. నేనును నవ్వితిని. ఆ వారములోనే తొమ్మిదవ తరగతి పిల్లవాని తండ్రి, తాపీపని చేయువాడు, కొడుకు మార్కుల విషయమై నావద్దకు వచ్చెను. మాటలలో నా సెలవు సంగతి విని, కొంతసేపు ఊరకుండి, "మాకు కూతురు శనివారం పుట్టిందండి. సోమవారం శ్లాబు పనికి పోయాను. పోకపోతే కూలి లేదు కదండీ" అనెను. అతడు ఫిర్యాదుగా చెప్పలేదు. గాని నా 15 దినములు ఎంత కొద్దిమందికి దొరుకునవో ఆ మాట నాకు తెలిపినది. ఆ బిడ్డకును చల్లబడు అరికాళ్లు ఉండెను గదా!

ఇతర దేశములవారు ఈ విషయమై ముందే ఆలోచించిరి. స్వీడను దేశము 1974లోనే తల్లి సెలవును తలిదండ్రులిద్దరు పంచుకొను సెలవుగా మార్చెను. అయినను తండ్రులు తమ భాగమును తల్లులకే వదలుచుండిరి. 1995లో ఒక నెలను తండ్రికని వేరుచేసి, అతడు వాడుకొననియెడల అది కుటుంబమునకు దక్కదని చేసిరి. అటుపిమ్మట తండ్రులు ఇంట నుండుట పెరిగినది. ఇచ్చిన సెలవును కూడ తీసికొనుటకు మగవాడు సంకోచించునని దీనివలన తెలియుచున్నది. నలుగురు ఏమందురోయను భయము అక్కడను ఇక్కడను ఒక్కటే.

చదువరులారా, సెలవు దినములు అయిపోవును. ఆ దినములలో చేతులు నేర్చుకొన్నది అయిపోదు. మా బిడ్డ 2,500 గ్రాములు దాటిన తరువాత రొమ్మున ఇమడక కాళ్లతో తన్నుట మొదలుపెట్టగా, ఆ కట్టు మానివేసితిమి. గాని తెల్లవారుజామున మూడు గంటల వంతు మానలేదు. బిడ్డ ఏడ్పులో ఆకలి ఏదో, తడి ఏదో, ఊరక ఎత్తుకొమ్మనుట ఏదో నేనును ఎరుగుదును. అడిగి తెలిసికొనలేదు, ఎత్తుకొని తెలిసికొంటిని. ఆ తెలివి తల్లితో పుట్టునని అనుకొందురు. ఆమెయు రాత్రుల మేలుకొనియే నేర్చుకొనుచున్నది. తండ్రికిని ఆ రాత్రులు కావలెను.

కాబట్టి సెలవు గలిగిన తండ్రులారా, దానిని సిగ్గుపడక తీసికొనుడి. పండుగకు గాని, ఇల్లు సున్నమునకు గాని కాదు, బిడ్డకే వాడుడి. ఎప్పుడు మొదలుపెట్టవలెనో తల్లిని అడిగి నిర్ణయించుడి. అత్తగార్లారా, అల్లునికి కుర్చీ వేయుటకు ముందు బిడ్డను చేతికిండి. పని యిచ్చు యజమానులారా, చట్టము అడుగలేదని ఆగకుడి. మీవద్ద ఇటుకలు మోయువాడును ఒక బిడ్డకు తండ్రియే. అతనికి కూలితో కూడ నాలుగు దినములైనను ఇచ్చిన యెడల, ఎక్కడనో ఒక ఇంట, ఒక వాన రాత్రి, ఒక తల్లి ఒంటరిగా నుండదు.