గాలి పులిపే బీరు

కొత్త ఊరు వెళ్తే మొదట కోట, తర్వాత గుడి, ఆపైన మ్యూజియం, ఆఖర్న బజారు. మనవాళ్ల యాత్రల పట్టీ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. బెల్జియం రాజధాని బ్రసెల్స్‌ వచ్చేవాళ్ల పట్టీలో ఇంకో వరస కూడా ఉంటుంది. బీరు కాచే చోట్లు, బీరు పోసే చోట్లు! అలాగని వచ్చేవాళ్లంతా తాగుబోతులనుకుంటే పొరపాటే. పోచంపల్లి వెళ్తే మగ్గం చూడకుండా, కొండపల్లి వెళ్తే బొమ్మలు చెక్కే ఇల్లు చూడకుండా తిరిగొస్తామా? వాళ్లకి ఇదీ అంతే. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. అంటే బ్రూవరీ చూడ్డం కూడా ఊరు చూడ్డంలో భాగమే అన్నమాట.

హైదరాబాద్‌ నుంచి సెలవులకు వెళ్లిన ఓ జంట అక్కడ నాలుగు రోజులు ఉంది. ఆయనది నల్గొండ జిల్లా. తాతా తండ్రీ తాటిచెట్లు గీసి కుటుంబాన్ని పోషించారు. ఆయన చదువుకుని కంప్యూటర్ల ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఆమెది గోదావరి పక్క పల్లె. ఆమె బీరు ముట్టదు. ఆయన ఎప్పుడో ఓసారి, అదీ కంపెనీ విందుల్లో. ఆఫీసు మిత్రుడొకరు రాసిచ్చిన పట్టీ పట్టుకుని ఇద్దరూ బయల్దేరారు.

బంగారు పూత ఇల్లు

బ్రసెల్స్‌ నడిబొడ్డున గ్రాండ్‌ ప్లాస్‌ అనే పెద్ద చౌకు ఉంది. ఓ పక్క ఆకాశాన్నంటే శిఖరంతో నగర మందిరం, చుట్టూ పాతకాలపు వృత్తి సంఘాల భవనాలు. 1695లో ఫ్రెంచి సైన్యం ఫిరంగులతో ఈ చౌకును చాలావరకు నేలమట్టం చేసింది. సంఘాల వాళ్లు పట్టుదలగా కొద్ది ఏళ్లలోనే మళ్లీ కట్టుకున్నారు. వాటిలో బంగారు నగిషీలతో, పైన గుర్రపు రౌతు విగ్రహంతో మెరిసే భవనం ఒకటుంది. అది బీరు కాచేవాళ్ల సంఘానిది. ఇప్పటికీ వాళ్లదే!

అందరూ ఫొటోలు తీసుకుని ముందుకు సాగుతుంటే ఆయన మాత్రం దాని ముందు చాలాసేపు నిలబడిపోయాడు. ‘‘మా కల్లు మండువ ఊరి బయట చింతచెట్ల కింద ఉండేది. వీళ్లకి చూడు, రాజు కోట పక్కన మేడ కట్టినట్టుంది’’ అన్నాడు భార్యతో. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

పాచికలాట బార్‌

అక్కడికి కొద్ది దూరంలో పెద్ద అద్దాలూ, పాత చెక్క బల్లలూ ఉన్న బార్‌ ఒకటుంది. పేరు ‘ఎ లా మోర్‌ సుబిత్‌’. అంటే ‘హఠాన్మరణం’! బీరు దుకాణానికి ఇదేం పేరనిపిస్తుంది. దీని వెనక ఓ సరదా కథ ఉంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో నేషనల్‌ బ్యాంకు గుమస్తాలు మధ్యాహ్నం వేళ ఇక్కడికొచ్చి పాచికలాడేవాళ్లట. ఆఫీసుకి తిరిగి వెళ్లే వేళయితే ఆట మధ్యలోనే ఉన్నా ఒకే ఒక్క చివరి పందెం వేసేవాళ్లు. అందులో ఓడినవాడు ‘పోయినట్టే’. ఆ ఆట పేరే దుకాణానికీ వచ్చింది. ఇప్పుడున్న చోటికి 1928లో మారింది.

బ్రసెల్స్‌లో బీరు తాగే తీరు మన బార్లలాంటిది కాదు. ఒక్కో బీరుకి ఒక్కో ఆకారం గ్లాసు. పక్కన చీజ్‌ ముక్కలు, ఆవముద్ద. ఓ గ్లాసు ముందు పెట్టుకుని గంటసేపు పేపరు చదువుకునే పెద్దాయనలు ప్రతి బార్లోనూ కనిపిస్తారు. ఎందుకంటే ఇక్కడి బీర్లు కొన్ని మామూలు బీరుకన్నా దాదాపు రెట్టింపు గాఢత కలవి. మంచినీళ్లలా తాగితే లేవలేరు. కొత్తవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది.

రకాల సంగతి చెప్పాలంటే డెలీరియం కేఫ్‌ గురించే చెప్పాలి. 2004లో అక్కడ 2,004 రకాల బీర్లు అమ్మకానికి ఉంచి గిన్నిస్‌ రికార్డు సాధించారు. ఆ జంట అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. పుస్తకమంత మెనూ, చెవులు దిబ్బళ్లు పడే గోల! ఏం కావాలో అడగడానికి కూడా అరవాల్సి వచ్చింది.

అటక మీద రాగి తొట్టి

మూడో రోజు పట్టీలో మిగిలింది కాంటియోన్‌ బ్రూవరీ. మిడి రైల్వేస్టేషన్‌ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఆండర్‌లెక్ట్‌ పేట అది. టూరిస్టుల హడావుడి లేని మామూలు వీధి. పెద్ద బోర్డూ, అద్దాల తలుపులూ ఏమీ లేవు. పాత గోదాములా ఉంది. తలుపు తోసుకుని లోపల అడుగు పెట్టగానే గుప్పున ఓ వాసన. పులుపు, తడి చెక్క, కాస్త మట్టి... అన్నీ కలిసిన వాసన.

‘‘ఏవండీ, మీ ఊరి వాసన రావట్లేదూ?’’ అంది ఆమె.

ఇక్కడ కాచే బీరు పేరు లాంబిక్‌. మామూలు బీరుకీ దీనికీ తేడా ఒక్కచోటే ఉంది. ఆ ఒక్కచోటే అంతా ఉంది. ఏ బీరైనా పులవాలంటే ఈస్ట్‌ కావాలి. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్‌ ప్రయోగశాలలో ఎమిల్‌ హాన్సెన్‌ అనే శాస్త్రవేత్త ఒకే రకం ఈస్ట్‌ని విడదీసి, శుద్ధంగా పెంచే పద్ధతి కనిపెట్టాడు. అప్పట్నుంచి ప్రపంచమంతా బీరు కాచేవాళ్లు కిటికీలు మూసేసి, స్టీలు ట్యాంకుల్లో తాము ఎంచుకున్న ఈస్టే వేస్తున్నారు. ఏ సీసా తెరిచినా ఒకే రుచి.

కాంటియోన్‌లో ఈస్ట్‌ వేయరు. మూడింట రెండు వంతులు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఒక వంతు మొలకెత్తించని గోధుమ. వీటిని నీళ్లలో నానబెట్టి తీసిన తీపి రసాన్ని, ఏళ్ల తరబడి నిల్వ చేసి చేదు తగ్గిన హాప్స్‌ పూలతో కలిపి గంటల తరబడి మరిగిస్తారు. ఆ వేడి రసాన్ని అటక మీదున్న వెడల్పాటి రాగి తొట్టిలోకి ఎక్కిస్తారు. లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ. పైన కప్పు, పక్కన గాలి వచ్చే సందులు. ఇక రాత్రంతా దాన్ని అలా వదిలేస్తారు. చల్లగాలితో పాటు ఆ ఊరి గాలిలో, ఆ పాత కప్పులో ఉన్న సూక్ష్మజీవులు వచ్చి పడతాయి. తెల్లారేసరికి రసం చల్లబడుతుంది. దాన్ని పీపాల్లోకి దించుతారు. కొద్దిరోజుల్లో అదంతట అదే నురగలు కక్కుతూ పులవడం మొదలవుతుంది. అలా ఏడాది నుంచి మూడేళ్లు! ఈ బీరులో పనిచేసే ఓ ఈస్ట్‌ శాస్త్రీయ నామంలో ‘బ్రక్సెలెన్సిస్‌’ అని ఊరి పేరే ఉంది.

ఈ పని చలికాలం చుట్టూనే సాగుతుంది. సుమారుగా అక్టోబరు నుంచి ఏప్రిల్‌ దాకా. రాత్రి తగినంత చల్లగా లేకపోతే పనికిరాని క్రిములు చేరి రసం చెడిపోతుంది. 2015 నవంబరులో రాత్రులు వేడెక్కడంతో కాంటియోన్‌లో కొన్నాళ్లు కాచడమే ఆపుకోవాల్సి వచ్చింది. భూతాపం పెరుగుతోందన్న మాట వాళ్లకి పేపర్లో వార్త కాదు, పొయ్యి ఆర్పాల్సిన రోజు.

పీపాల వరసల మధ్య నడుస్తుంటే మూలల్లో సాలెగూళ్లు కనిపిస్తాయి. దులపరు. పండ్ల కోసం, పులుపు కోసం వచ్చే ఈగల్ని సాలీళ్లు పట్టేస్తాయి కాబట్టి వాటి జోలికి వెళ్లరు. గోదావరి ఇల్లాలికి ఇందులో వింతేమీ కనిపించలేదు. ‘‘మా అమ్మమ్మ తరవాణి కుండ కూడా ఇంతే. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అడుగున ఉన్న పులుపే మర్నాటికి పనిచేస్తుందనేది’’ అంది. రాత్రి రుబ్బి పెట్టిన దోసెల పిండి పొద్దున్నకి పొంగడం వెనక కూడా ఇలాంటి కంటికి కనపడని పనివాళ్లే కదా!

చివర్న రుచికి చిన్న గ్లాసుల్లో పోసిచ్చారు. ముందు నురగే లేని పచ్చి లాంబిక్‌. తర్వాత కొత్తదీ పాతదీ కలిపి సీసాలో మళ్లీ పులియబెట్టిన గ్యూజ్‌. తర్వాత పుల్ల చెర్రీపండ్లు నానబెట్టిన క్రీక్‌. పక్కనున్న పర్యాటకులు కొందరు మొదటి గుక్కకే మొహం చిట్లించారు. ఆయన చిట్లించలేదు. పొద్దు తిరిగాక తాగే కల్లు పులుపు నాలుకకి తెలిసిన రుచే.

మూతపడాల్సిన చోట తలుపు తెరిచి

ఇంతకీ ఈ పాత గోదాము ఎలా బతికింది? కాంటియోన్‌ కుటుంబం 1900లో దీన్ని మొదలుపెట్టింది. అప్పట్లో బ్రసెల్స్‌లో వందకు పైగా బ్రూవరీలు ఉండేవి. తర్వాత తేలికపాటి పారదర్శకమైన బీర్లు, తియ్యటి పానీయాలు వచ్చాయి. పుల్ల బీరు ముసలివాళ్ల తాగుడైపోయింది. లాంబిక్‌ కాచేవాళ్లలో చాలామంది తీపి కలిపి అమ్మారు, మిగిలినవాళ్లు మూసేశారు. కొంతకాలానికి నగరంలో పాత పద్ధతిలో లాంబిక్‌ కాచేది కాంటియోన్‌ ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఆ ఇంటి అల్లుడు జాన్‌ పియెర్‌ వాన్‌ రాయ్‌ ఓ పని చేశాడు. 1978లో బ్రూవరీనే మ్యూజియంగా మార్చి తలుపులు తెరిచాడు. పనిచేస్తున్న మ్యూజియం అన్నమాట. వచ్చి చూడండి, ఎలా కాస్తామో తెలుసుకోండి, తర్వాత రుచి చూడండి అన్నాడు. చూసినవాళ్లకి పులుపు వెనకున్న మూడేళ్ల ఓపిక అర్థమైంది. ఇప్పుడు ఆయన కొడుకు జాన్‌ నడుపుతున్నాడు. వీళ్ల సీసాల కోసం దేశదేశాల నుంచి వస్తారు.

ఆ తర్వాత కొత్తతరమూ వచ్చింది. సెన్‌ నది పేరు పెట్టుకున్న బ్రాసరీ డి లా సెన్‌, అమ్ముడుపోని రొట్టెలతో కూడా బీరు కాచిన బ్రసెల్స్‌ బీర్‌ ప్రాజెక్ట్‌ లాంటివి నగరంలో వెలిశాయి. పాత దీపం ఒక్కటి ఆరకుండా ఉంటే కొత్త వత్తులు వెలిగించుకోవడం తేలికే.

‘‘పుక్కట్ల చూపిస్తుంటి గద!’’

ఆ సాయంత్రం ఆయన ఊళ్లో ఉన్న తండ్రికి ఫోన్‌ చేశాడు.

‘‘నాయినా, ఈడ బీరుల ఈస్టు ఎయ్యరంట. రాత్రంత అటక మీద తెరిచి పెడ్తరు. గాలికే పులుస్తదంట.’’

‘‘గండ్ల గొప్పేమున్నదిరా? మన లొట్టిల ఎవడన్న ఏమన్న ఏస్తడా? చెట్టు మీదనే పులుస్తది’’ అన్నాడు పెద్దాయన. కాసేపాగి, ‘‘గది చూపెట్టనీకి పైసలు తీస్కుంటుండ్రా?’’ అని అడిగాడు.

‘‘అవ్‌ నాయినా. టికెట్‌ ఉన్నది.’’

‘‘మన తాళ్లల్లకొస్తె పుక్కట్ల చూపిస్తుంటి గద!’’

పెద్దాయన మాట నవ్వు తెప్పించేదే. కానీ అందులో నిజం ఉంది. చెట్టు ఎక్కి, గెల గీసి, లొట్టి కట్టి, రెండు పూటలా దించే పనిలో నేర్పు తక్కువేం కాదు. మోకు జారితే ప్రాణమే పోతుంది. తియ్యటి రసం లొట్టిలో పడగానే గాలిలోవీ, లొట్టిలోవీ సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. బ్రసెల్స్‌ అటక మీద రాత్రికి జరిగేది ఇక్కడ తాటిమట్టల మధ్య గంటల్లో జరుగుతుంది. అయితే లాంబిక్‌ ఏళ్ల తరబడి నిలవుంటుంది, కల్లు ఒక్క రోజు కూడా నిలవదు. సీసాలో పోసి ఊళ్లు దాటించలేం. తాగేవాడే చెట్టు దగ్గరికి రావాలి.

చెట్టుకి దూరమైన కొద్దీ కల్లుకి ఏమైందో అందరికీ తెలుసు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువైన చోట మత్తుమందుల కల్తీ చేరింది. 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెట్టు ఎక్కే మనిషికి ఆ పాపంలో వాటా లేకపోయినా చెడ్డపేరు మాత్రం ఆయన వృత్తికే వచ్చింది. 2023లో హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్‌ తెరవడం మంచి ప్రయత్నమే. కానీ అక్కడ కనిపించేది గ్లాసు. చెట్టూ, మోకూ, లొట్టీ, ఎక్కే మనిషీ కనిపించాలంటే తాటివనానికే వెళ్లాలి.

తాగుడు గొప్పదని కాంటియోన్‌ ఎక్కడా చెప్పదు. అసలు అక్కడ తాగేది రెండు మూడు గుక్కలే, చూసేది గంటసేపు. ఏ నీళ్లు, ఏ గింజలు, ఎన్నాళ్లు, ఎవరి చేతులు... అన్నీ కళ్లముందే ఉంటాయి. అందరూ చూసేచోట కల్తీకి చోటుండదు. వృత్తికి గౌరవం కూడా ఆ తలుపులోంచే నడిచి వస్తుంది. మన దగ్గర తాటివనానికి తలుపే లేదు. దారి చూపించి, పిలిచేవాళ్లుంటే చాలు.