చెనక్కాయల ఉండలు

మా గోస్పాడు హాస్టల్లో ఒక తమ్ముడికి డెంగీ వస్తే వార్డెన్ సారు నంద్యాల ఆసుపత్రిలో చేర్పించారు. చూడబోయిన మేము ఇచ్చిన బిస్కట్లు వాడు తినలేకపోయాడు. రెండు రోజులుగా కూలి మానుకొని పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ ఒకటి తిని, మిగతావి కొంగున కట్టుకుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో పేదలకు వైద్యం ఖర్చు తగ్గింది. మరి తోడున్నవాళ్ళ కడుపు సంగతి?

ఆ నెల నుంచి చేతిఖర్చుల్లో తలా పది రూపాయలు తీస్తున్నాం. వంట అక్క పాకం పడితే మేము ఉండలు చుడతాం. ఆదివారం పిల్లల వార్డుకు పోయి, ఏ బిడ్డ తినొచ్చో నర్సమ్మను అడిగి పంచుతాం. తల్లిదండ్రులకు తప్పకుండా ఇస్తాం.

ఒకసారి ఒక తండ్రి ఉండ చేతిలో పట్టుకొని, "మీరు తిన్నారా నాయనా?" అన్నాడు. హాస్టల్‌కొచ్చాక మమ్మల్ని ఆ మాట అడిగినవాళ్ళు తక్కువ.

పాత విద్యార్థులైన అన్నలారా! ఈసారి వచ్చేటప్పుడు కిలో బెల్లం తెండి, చాలు.