సాబ్‌లో ఆఫీసుకి

సాబ్ కార్ల కంపెనీ 2011 డిసెంబరులో దివాలా తీసింది. అయినా ఈ బోస్టన్ చలిలో నేను రోజూ ఆఫీసుకి వెళ్ళేది సాబ్‌లోనే. 2001 మోడల్ 9-3, రెండు లీటర్ల టర్బో, మాన్యువల్ గేర్లు.

"హాయిగా ఓ టయోటా కొనుక్కోరా బాబూ" అంటారు ఫ్రెండ్స్. ఇండియా ప్రయాణం పెట్టుకున్నప్పుడు మాత్రం వాళ్ళకి నా కారే గుర్తొస్తుంది. వెనక సీటు మడిస్తే ఆ పెద్ద పెద్ద సూట్‌కేసులు పడుకునే వెళ్తాయి మరి!

తాళంచెవి పెట్టేది రెండు సీట్ల మధ్య. యాక్సిడెంట్ అయితే మోకాలికి గుచ్చుకోకూడదని. రివర్స్ గేర్ వేస్తేగానీ అది బయటికి రాదు. రాత్రిపూట నైట్ ప్యానెల్ బటన్ నొక్కితే స్పీడోమీటర్ తప్ప మిగతా మీటర్ల లైట్లన్నీ ఆరిపోతాయి. దేంట్లోనైనా తేడా వస్తే దాని మీటరు తనంతట తానే వెలుగుతుంది. ఇంత మర్యాద ఇప్పటి టచ్‌స్క్రీన్లకేది?

టర్బో కాబట్టి మంచి సింథటిక్ ఆయిల్ పోయాలి, త్వరత్వరగా మార్చాలి. నాలుగు స్పార్క్ ప్లగ్గులకీ కలిపి ఒకటే ఇగ్నిషన్ క్యాసెట్, అది పోతే బండి కదలదు కాబట్టి ఇంకోటి డిక్కీలో ఉంచుకోవాలి.

కొనాలనుకుంటే ముందు సాబ్ తెలిసిన మెకానిక్కుని వెతుక్కోండి. రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నాడేమో అది కూడా కనుక్కోండి.