రిమోట్ ప్లగ్గు, మిరపచేలో మోటారు

ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకి 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ ముక్క తగిలించి ఇంట్లో రిమోట్ ప్లగ్గుల్ని ఆడించడం భలే సరదా. రిమోట్ పంపే కోడ్ పట్టుకుని, ఆర్‌సీ-స్విచ్ లైబ్రరీతో దాన్నే మళ్లీ పంపితే ఫ్యాను తిరుగుతుంది. చిక్కేమిటంటే ఆ చవక ప్లగ్గు బదులు పలకదు. అందుకే ఒకే కోడ్‌ని వరసబెట్టి చాలాసార్లు గాల్లోకి వదుల్తారు, ఒక్కటైనా చేరకపోదా అని. ఆన్ అయిందో లేదో మాత్రం మనం లేచి చూసుకోవాల్సిందే.

వినుకొండ, మార్కాపురం వైపు బోర్ల కింద మిరప వేసేవాళ్లకి ఈ గుడ్డి నమ్మకం కుదరదు. అక్కడ స్టార్టర్ డబ్బా పక్కన, ఫోన్‌తోనే మోటారు నడిపేందుకు సిమ్ వేసిన మొబైల్ స్టార్టర్ ఉంటుంది. లోపలున్నదీ మైక్రోకంట్రోలరే, ఆ పేరుతో ఎవరూ పిలవరనుకోండి. త్రీఫేజు కరెంటు వచ్చిందని, ఒక ఫేజు పోయిందని అదే కబురు చేస్తుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. అది కనిపెట్టి మోటారు ఆపేసే రకాలూ ఉన్నాయి. నా ఓటు బదులు పలికే ఈ స్టార్టర్‌కే.

పుణేలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు తన తాత మోటారు కోసం పొలానికి వెళ్లడానికి పడే అవస్థ చూసి 1990లలోనే ఇలా దూరం నుంచి మోటారు నడిపే పని మొదలెట్టాడు. అదే తర్వాత ‘నానో గణేశ్’ అనే పరికరం అయింది, 2009లో నోకియా బహుమతీ వచ్చింది.

ఇంతా చేసి సిమ్‌లో రీచార్జ్ అయిపోతే? టార్చిలైటు పట్టుకుని చేనుకి నడవడమే!