పదిమందికీ ఒక ప్రింటర్

మీ ఆఫీసులో ప్రింటర్ ఎవరి బల్ల మీద ఉందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన దగ్గర చాలాచోట్ల అది ఒకరి కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఉంటుంది. మిగిలినవాళ్లంతా ఆ కంప్యూటర్ మీదుగానే ప్రింట్లు ఇస్తుంటారు. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆవిడకి పొద్దున్నుంచీ ఒకటే మాట: "మేడమ్, నాది వచ్చిందా?" ఆవిడ సెలవు పెట్టినా, భోజనానికి వెళ్లినప్పుడు ఆ కంప్యూటర్ స్లీప్‌లోకి పోయినా, ప్రింటర్ పచ్చలైటుతో ఎదురుగానే ఉంటుంది గానీ మీ సీటు నుంచి ఇచ్చిన ఒక్క కాగితం కూడా రాదు.

నా మాట వింటే ముందు ఆ కేబుల్ పీకించండి. ఆఫీసులకని అమ్మే ప్రింటర్లలో చాలావాటికి వెనకవైపు నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు ఉంటుంది. వైఫై కూడా ఉంటుంది గానీ, కేబుల్ లాగే వీలుంటే కేబులే మేలు. ప్రింటర్ నేరుగా రూటర్‌కి తగిలితే ఎవరి కంప్యూటర్ ఆన్‌లో ఉందో, ఎవరిది ఆఫ్‌లో ఉందో చూసుకునే పని ఉండదు.

ఇక్కడితో అయిపోయిందనుకుని చాలామంది వదిలేస్తారు. అసలు తంటా ఇక్కడే ఉంది. ప్రింటర్ ఆన్ అవగానే రూటర్‌ని ఒక ఐపీ అడ్రస్ అడుగుతుంది. రూటర్ 192.168.1.7 అని ఇచ్చిందనుకోండి, మీ కంప్యూటర్లన్నీ ఆ నెంబరునే గుర్తుపెట్టుకుంటాయి. ఇంతలో కరెంటు పోతుంది. తిరిగి వచ్చేసరికి ఎవరి ఫోనో ముందుగా లేచి ఆ 7 పట్టుకుపోతుంది, ప్రింటర్‌కి 12 దక్కుతుంది. కంప్యూటర్లు మాత్రం పాత నెంబరుకే ప్రింట్లు పంపుతూ ఉంటాయి. జవాబు రాదు కాబట్టి తెర మీద "ఆఫ్‌లైన్" అని కనిపిస్తుంది. అప్పుడెవరో తెలిసినాయన వచ్చి అదే ప్రింటర్‌ని మళ్లీ యాడ్ చేసి వెళ్తాడు. వానాకాలం గడిచేసరికి లిస్టులో ఒకే ప్రింటర్ పేరుతో కాపీ 1, కాపీ 2, కాపీ 3 చేరతాయి. అందులో పనిచేసేది ఏదో ఎవరికీ తెలియదు.

ఈసారి అలా జరిగితే ఎవరినీ పిలవకముందు ఒక పని చేయండి. ప్రింటర్ మెనూలో కాన్ఫిగరేషన్ పేజీ అనో, నెట్‌వర్క్ రిపోర్ట్ అనో ఉంటుంది. మెనూ లేని చిన్న ప్రింటర్లలో ఒక బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ కాగితం వస్తుంది. అందులో ఐపీ అడ్రస్ అన్న వరుస చూడండి. ఆ నెంబరు 169.254తో మొదలైతే, ప్రింటర్ అడిగినప్పుడు రూటర్ జవాబివ్వలేదని, ప్రింటర్ తనకు తానే ఒక నెంబరు పెట్టేసుకుందని అర్థం. కరెంటు వచ్చాక రూటర్ పూర్తిగా లేవకముందే ప్రింటర్ లేచేస్తే ఇలా అవుతుంటుంది. ప్రింటర్‌ని ఒకసారి ఆపి, రూటర్ లైట్లు కుదురుకున్నాక మళ్లీ వేయండి.

శాశ్వతంగా తప్పించుకునే దారి కూడా ఉంది. అదే కాగితం మీద మ్యాక్ అడ్రస్ అని అంకెలూ అక్షరాలూ కలిసిన పన్నెండు గుర్తులు కనిపిస్తాయి. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఈ మ్యాక్ అడ్రస్ ఉన్నదానికి ఎప్పుడూ ఫలానా నెంబరే ఇవ్వమని రాసిపెట్టాలి. అడ్రస్ రిజర్వేషన్ అంటారు దీన్ని. ప్రింటర్‌లోనే నెంబరు పెట్టేసే పద్ధతి కూడా ఉంది గానీ, నాకు రూటర్‌లో పెట్టడమే నచ్చుతుంది. ఎవరికి ఏ నెంబరు ఉందో ఒక్కచోటే కనిపిస్తుంది. ఇంటర్నెట్ కంపెనీవాళ్లు రూటర్ మార్చేస్తే ఆ రాత పోతుంది, అందుకని ఆ నెంబరుని ఒక చీటీ మీద రాసి ప్రింటర్ నుదుటనే అంటించండి. తర్వాత విండోస్‌లో పాత కాపీలన్నీ తీసేసి, ప్రింటర్‌ని దానంతటదే వెతకనివ్వకుండా టీసీపీ-ఐపీ పద్ధతి ఎంచుకుని ఆ నెంబరు మీరే కొట్టండి. రెండు నిమిషాల పని.

అసలు ప్రింటర్‌కీ నెట్‌వర్క్‌కీ ఉన్న బంధం చాలా పాతది. 1971లో అమెరికాలో జెరాక్స్ కంపెనీ ఇంజనీరు గ్యారీ స్టార్క్‌వెదర్ ఒక కాపీ మిషన్‌ని మార్చి లేజర్ ప్రింటర్ తయారుచేశాడు. అది సెకనుకి ఒక పేజీ కొట్టేది, అంగుళానికి 500 చుక్కల చొప్పున. లెక్క వేస్తే ఒక్క పేజీకి రెండు కోట్ల పైచిలుకు చుక్కలు. అలాంటి ఖరీదైన యంత్రాన్ని తలా ఒకటి ఇవ్వలేరు, అందరి కంప్యూటర్ల నుంచీ దానికి దారి వేయాలి. ఆనాటి మామూలు లైన్ల మీద అన్ని చుక్కలు పంపాలంటే ఒక్క పేజీకే ఎంతో సేపు పట్టేది. ఆ అవసరంలోంచే 1973లో అదే జెరాక్స్‌లో పనిచేసే రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచన రాసి పెట్టాడు. ఈ రోజు మీ రూటర్‌లో గుచ్చిన కేబుల్ ఆ ఈథర్‌నెట్ వారసత్వమే. పదిమంది ఒక ప్రింటర్‌ని పంచుకోవాలన్న కోరికకి అందులో పెద్ద వాటా ఉందంటే నాకు ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది.

ఇంకో కథ కూడా చెప్పాలి. ఎంఐటీ ల్యాబులో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. వాళ్ల పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ప్రింట్ కోసం ఎదురుచూస్తున్న అందరి తెరల మీదా కబురు వచ్చేలా ప్రోగ్రాం రాశాడు. కబురు అందినవాళ్లలో ఎవరో ఒకరు వెళ్లి కాగితం లాగేవారు. తర్వాత జెరాక్స్ వాళ్ల కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది గానీ, దాని ప్రోగ్రాం లోపలి రాత ఎవరికీ ఇవ్వలేదు. ఇంకోచోట ఆ రాత ఉన్న ఒకాయనని స్టాల్‌మన్ అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడు. ఆ బాధ స్టాల్‌మన్‌ని వదల్లేదు. ప్రోగ్రాంల లోపలి రాత అందరికీ అందాలని 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ ప్రింటర్ కూడా ఉందని తన ప్రసంగాల్లో ఆయనే చెప్పుకొచ్చాడు.

మళ్లీ మన ఆఫీసుకి వద్దాం. అడ్రస్ బాగానే ఉంది, ప్రింటర్ మాత్రం మూలుగుతూ ఆగిపోయి కాగితం అడుగుతోంది, ట్రే నిండా కాగితాలున్నాయి. అప్పుడు పేపర్ సైజు చూడండి. కొత్తగా పెట్టిన చాలా కంప్యూటర్లలో అమెరికావాళ్ల లెటర్ సైజు ముందే ఎంచి ఉంటుంది, మన ట్రేలో ఉండేది ఏ4. ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకసారి ఏ4 అని పెట్టేస్తే ఆ గొడవ తీరుతుంది. ఒకరి పెద్ద ఫైలు క్యూలో ఇరుక్కుని వెనకవాళ్లందరినీ ఆపేస్తే, ఆ ఫైలు పంపిన కంప్యూటర్‌లో విండోస్ సర్వీసెస్‌లోకి వెళ్లి, ప్రింట్లని వరుసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టండి. దానికీ కదలకపోతే ప్రింటర్ మీద కోపం తెచ్చుకోకుండా, స్పూలర్ ఆపి ఉన్నప్పుడే దాని ఫోల్డర్‌లో మిగిలిపోయిన ఫైళ్లు తీసేయండి. విండోస్ అప్‌డేట్లు మాత్రం వాయిదా వేయకండి. 2021లో ఈ స్పూలర్‌లోనే పెద్ద లోపం బయటపడింది, దాన్ని పట్టుకుని బయటివాళ్లు కంప్యూటర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలిగేవారు.

తెలుగులో పనిచేసేవాళ్లకి నెట్‌వర్క్ ప్రింటర్ వల్ల ఒక ప్రత్యేకమైన మేలుంది. మన డీటీపీ వాళ్లలో ఎంతోమంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతారు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే, అక్కడ ఆ ఫాంట్లు లేకపోతే, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ బారులు తీరి కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు పెట్టుకుని నడిచేవి మరి. అదే డీటీపీ చేసినాయన తన కంప్యూటర్ నుంచే పై అంతస్తు ప్రింటర్‌కి ప్రింట్ ఇస్తే, అక్షరాల రూపాలు ప్రింట్‌తోపాటే వెళ్తాయి. ప్రింటర్‌కి తెలుగు తెలియనక్కర్లేదు. ఫైలు తిరగాల్సిన అవసరమే ఉండదు. యూనికోడ్‌లో కొడితే ఈ చిక్కే లేదనుకోండి, విండోస్ ఎక్స్‌పీ నుంచే తెలుగు యూనికోడ్ ఫాంట్ విండోస్‌తోపాటే వస్తోంది. అయినా కొన్నిసార్లు పీడీఎఫ్ తెర మీద చక్కగా కనిపించి, కాగితం మీద ఒత్తులు చెదిరిపోయో డబ్బాలుగానో వస్తుంది. అప్పుడు పీడీఎఫ్ తెరిచిన ప్రోగ్రాంలో ప్రింట్ కొట్టేచోట అడ్వాన్స్‌డ్ నొక్కి, ఇమేజ్‌గా ప్రింట్ చెయ్యమని టిక్కు పెట్టండి. కాస్త నెమ్మదిగా వస్తుంది, అక్షరం మాత్రం ఉన్నదున్నట్టు వస్తుంది.

బడిలోనో కాలేజీలోనో ఉన్నవాళ్లకి ఇంకొక్క మాట. స్టాఫ్‌రూం ప్రింటర్ అందరిదీ, అందులోంచి వచ్చే పరీక్ష పేపర్ అందరిదీ కాదు. జీతాల కాగితాలూ అంతే. పెద్ద ప్రింటర్లలో పిన్ నెంబరు పెట్టి ప్రింట్ ఇచ్చే వీలుంటుంది. మీరు ఇచ్చిన ప్రింట్ యంత్రంలోనే ఆగి ఉంటుంది, మీరు వెళ్లి ఆ నెంబరు కొట్టాకే కాగితం బయటికి వస్తుంది. అద్దెకి తెచ్చుకున్న పెద్ద జెరాక్స్ మిషన్ అయితే తిరిగి ఇచ్చేముందు లోపల హార్డ్ డిస్క్ ఉందేమో కనుక్కుని, ఉంటే దాన్ని తుడిపించి పంపండి.